పక్షవాతం తరువాత పాదానికి మళ్లీ చదువు

(కార్తిక మాసంలో నంద్యాలలో భక్తుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్తిక మాసంలో సభ అనగానే పురాణ ప్రవచనం ఉంటుందని మీరు అనుకొని ఉంటారు. నిర్వాహకులు సైతం నన్ను నవనందుల మాహాత్మ్యం చెప్పమనే ఆహ్వానించారు. అది చెప్పగల పెద్దలు ఈ ఊరిలో పలువురున్నారు. వేకువనే ఇక్కడి ప్రథమనంది, నాగనంది, సోమనందులను దర్శించి, శివనంది, విష్ణునంది, సూర్యనందుల మీదుగా మహానందికి చేరి, వినాయకనంది, గరుడనందులను కూడా సేవించి ప్రొద్దు గ్రుంకేలోగా ముగించుకొనే యాత్ర మీలో చాలామందికి అనుభవమే. ఆ యాత్ర చేయవలెనని మనసు ఉండి, కాలు సాగక ఇంటి అరుగు మీదనే ఉండిపోయిన వారిని గూర్చి ఈ పూట నాలుగు మాటలు చెప్పదలచాను. మొన్న మొన్నటి వరకు నేనూ వారిలో ఒకణ్ణి.

మాది ఆళ్లగడ్డ. జీవితమంతా పిల్లలకు సంస్కృతం చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. మూడేండ్ల క్రిందట ఒకనాడు సంధ్యావందనానికి కూర్చున్నవాడికి చేతిలోని ఉద్ధరిణి జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. నా రెండవ కుమారుడు నా మూతి ఒక ప్రక్కకు వంకర పోవడం చూచి, ఎవరినీ సలహా అడుగక 108కి ఫోను చేశాడు. నంద్యాలకు తెచ్చారు. తలకు స్కాన్ తీసి, మెదడులో కుడి ప్రక్క రక్తనాళం పూడుకొన్నదని తేల్చారు. రక్తనాళం పూడినపుడు గడ్డను కరిగించే మందు ఒకటున్నది. లక్షణం కనబడిన నాలుగున్నర గంటలలోపు ఎక్కించవలె. నాళం చిట్లి రక్తం కారుతున్న వారికి అదే మందు ప్రాణాంతకం. అందువల్ల స్కాన్ చూడనిదే ఇవ్వరు. మూతి వంకర, చేయి వ్రేలాడడం, మాట తడబడడం, అకస్మాత్తుగా నిలకడ తప్పి తూలడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా గడియారం చూచుకొని బయలుదేరవలసిందే. పావురాయి నెత్తురు మర్దన చేయిస్తే తగ్గుతుందని మా వీధిలో ఇప్పటికీ చెప్పేవారున్నారు. ఆ పావురాయి కోసం వెదికే వేళకే నాలుగున్నర గంటలు గడిచిపోతాయి.

ఇది నేను చెప్పదలచిన విషయానికి ప్రస్తావన మాత్రమే. అసలు విషయం ఆ తరువాతది.

నాలుగు నెలలలో నా ఎడమ కాలికి బలం వచ్చింది. మంచం మీద పడుకొని ఎత్తుమంటే ఎత్తగలను, తన్నుమంటే తన్నగలను. బంధువులు వచ్చి చూచి "ఇంకేం, నయమైపోయింది" అన్నారు. లేచి నిలబడితే మాత్రం ఎటో ఒరిగిపోయేవాణ్ణి. బలమున్న కాలు నిలబెట్టదేమి? ఈ ప్రశ్నకు మా ఇంట్లో ఎవరికీ సమాధానం దొరకలేదు. నాకు ధైర్యం చాలడం లేదని కొందరు, గ్రహబలం చాలడం లేదని కొందరు అన్నారు.

సమాధానం చెప్పినది నంద్యాలలో నాకు వ్యాయామ చికిత్స చేసిన ఒక అమ్మాయి. వయస్సులో నా మనుమరాలంతటిది. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, "స్వామీ, కండ్లు మూసుకోండి. మీ ఎడమకాలి బొటనవ్రేలిని నేను కదిలిస్తాను. పైకున్నదో, క్రిందికున్నదో చెప్పండి" అన్నది. నేను "పైకి" అన్నాను. "కండ్లు తెరిచి చూడండి" అన్నది. చూస్తే వ్రేలు క్రిందికి వంగి ఉన్నది. పదిసార్లు అడిగితే అయిదారు సార్లు తప్పు చెప్పాను. అంటే ఊహించి చెప్పినట్లే. కుడికాలి వ్రేలి విషయంలో ఒక్కటీ తప్పలేదు. తర్కశాస్త్రంలో ప్రత్యక్ష ప్రమాణాన్ని గూర్చి ఎన్నేండ్లు పాఠం చెప్పానో! నా శరీరంలో నా వ్రేలు ఎక్కడున్నదో నాకు ప్రత్యక్షం కాలేదు.

అప్పుడామె విప్పి చెప్పింది. మనిషి పడకుండా నిలబడడానికి మూడు చోట్ల నుంచి మెదడుకు వార్తలు అందుతూ ఉంటాయి. ఒకటి కన్ను. రెండవది చెవి లోపల ఉన్న తూకపు యంత్రం వంటిది; తల ఎటు వంగినదీ, ఎంత వేగంగా తిరిగినదీ అది చెబుతుంది. మూడవది అరికాలి చర్మం, కీళ్లు, కండరాలు. నేల ఎక్కడున్నది, బరువు ఏ కాలి మీద పడుతున్నది, మడమ ఎంత వంగినది అన్న వార్త అక్కడి నుంచి వస్తుంది. ఈ మూడవదానికి ఇంగ్లాండు దేశపు షెరింగ్టన్ అనే శాస్త్రవేత్త 1906లో ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు. తన అంగాల స్థితిని తాను ఎఱుగుట అని మనం చెప్పుకోవచ్చు. పక్షవాతంలో పలువురికి కాలి బలంతో పాటు ఈ ఎఱుక కూడా పోతుంది. బలం తిరిగి వచ్చినా ఎఱుక వెనుకబడవచ్చు. చరక సంహితలో చికిత్సాస్థానంలోని వాతవ్యాధి ప్రకరణంలో పక్షాఘాతాన్ని వర్ణించినవారు సగం శరీరపు చేష్ట చెడుతుందని గుర్తించారు. ఇంటివారు చూడగలిగినదీ ఆ చేష్టనే. లోపలి ఎఱుక పోయిన సంగతి రోగికి కూడా వెంటనే తెలియదు.

కాలి వార్త అందనివాడు తెలియకుండానే కంటి మీద ఆధారపడి నిలబడి ఉంటాడు. ఆ కన్ను మూశాడా, తూలుతాడు. 19వ శతాబ్దంలో బెర్లిన్ నగరంలో రోమ్‌బర్గ్ అనే వైద్యుడు దీనిని గమనించి వ్రాశాడు. నేటికీ వైద్యులు రోగిని రెండు పాదాలు చేర్చి నిలబెట్టి కండ్లు మూసుకోమని చేసే పరీక్షకు ఆయన పేరే ఉన్నది. ఇక మన ఆలయంలో జరిగేదేమిటో ఆలోచించండి. హారతి వేళ, ఇరుకైన చోట, తడిసిన రాతి మీద, రెండు చేతులూ తలపైకెత్తి జోడించి, కండ్లు మూసుకొని నిలబడతాం. పాదాల ఎఱుక తగ్గినవాడికి ఇంతకంటె కఠినమైన పరీక్ష ఏ ఆసుపత్రిలోనూ పెట్టరు. కనుక అటువంటి వారికి నా మనవి, స్వామి ఎదుట కండ్లు మూయకండి. మనం వచ్చినది దర్శనానికి. దర్శనమంటే చూడడమే కదా. ధ్యానం కూర్చుండి చేసుకోవచ్చు. ఇంటివద్ద తలపై నీళ్లు పోసుకొనేటపుడు కూడా ముక్కాలిపీట మీద కూర్చుండడమే మేలు. అక్కడా కండ్లు మూతపడతాయి.

ఆ అమ్మాయి నాకు చేయించిన సాధన మహా యంత్రాలతో కూడినది కాదు. బరువు తూచుకొనే మిషన్లు రెండు ప్రక్క ప్రక్కన పెట్టి ఒక్కొక్క పాదం ఒక్కొక్క దాని మీద ఉంచమన్నది. ముందు గోడకు ఆనుకొని బల్ల, వెనుక కుర్చీ, ప్రక్కన తాను. "స్వామీ, సమంగా నిలబడండి" అన్నది. సమంగానే నిలబడ్డాననుకొన్నాను. ముల్లులు చూడమన్నది. నా బరువు 58 కిలోలు. కుడి ముల్లు 40 దగ్గర, ఎడమ ముల్లు 18 దగ్గర ఉన్నవి. ముల్లులను చూస్తూ నెమ్మదిగా రెండింటినీ 29 దగ్గరకు తెచ్చినపుడు ఎడమ ప్రక్క గోతిలోకి ఒరిగిపోతున్నట్లు భయం వేసింది. తీరా ఎదుటి అద్దంలో చూచుకొంటే నిటారుగా ఉన్నాను. నా మనస్సు చెబుతున్న సమత్వం అసమత్వం. నాకు పతనంగా తోచినదే సమత్వం. ఆ భయంలో అర నిమిషం నిలబడి ఉండడమే మొదటి పాఠం.

దీనికి బయోఫీడ్‌బ్యాక్ అని పేరు. శరీరంలో జరుగుతున్న దానిని ఆ శరీరం గలవాడికే అప్పటికప్పుడు చూపించడమో, వినిపించడమో, స్పర్శ ద్వారా తెలుపడమో చేసి సరిదిద్దుకొనేట్లు చేయడం. సాంఖ్యకారికలో ప్రకృతి పురుషుల సంబంధానికి పంగ్వంధ న్యాయం చెబుతారు. కుంటివాడు గ్రుడ్డివాని భుజాలెక్కి దారి చెబుతాడు, గ్రుడ్డివాడు నడుస్తాడు. నా ఎడమకాలు గ్రుడ్డిదైనది. కన్ను దానికి దారి చెప్పింది.

మూసుకొన్న ద్వారం వార్తను మఱొక ద్వారం గుండా పంపవచ్చునన్న ఆలోచనకు గట్టి పునాది వేసినవాడు అమెరికాలో పాల్ బాక్-ఇ-రీటా అనే వైద్యుడు. ఆయన తండ్రి పెడ్రో నావలె అధ్యాపకుడు, కవి కూడా. న్యూయార్క్ నగర కళాశాలలో పాఠం చెప్పేవాడు. 1950ల చివర, 65 ఏండ్ల వయస్సులో ఆయనకు పక్షవాతం వచ్చింది. ఇక లాభం లేదన్న స్థితిలో చిన్న కుమారుడు జార్జ్ తండ్రిని గోడ ఆసరాగా పసిపిల్లవానివలె ప్రాకించాడు, గిన్నెలు కడిగించాడు, ఇంటి పనులనే చికిత్సగా మార్చాడు. మూడేండ్లకు ఆ తండ్రి మళ్లీ కళాశాలలో పాఠం చెప్పాడు. తరువాత కొంతకాలానికి కొలంబియా దేశంలో కొండ ఎక్కుతుండగా గుండె ఆగి మరణించాడు. మరణానంతరం మెదడును పరీక్షిస్తే దెబ్బతిన్న భాగం దెబ్బతిన్నట్లే ఉన్నది. మిగిలిన భాగం ఆ పనిని అభ్యాసంతో నేర్చుకొన్నదన్న మాట. ఇది చూచిన పాల్ తన జీవితమంతా ఈ విషయానికే వెచ్చించాడు. 1969లో ఒక కుర్చీ వీపుకు 400 కంపించే మొనలు అమర్చి, కెమెరా చూచిన బొమ్మను చూపులేనివారి వీపు మీద స్పర్శగా మార్చి చూపించాడు. తరువాతి కాలంలో ఆయన బృందం చెవిలోని తూకపు అవయవం చెడినవారికి నాలుక మీద చిన్న పలుక పెట్టి, తల ఎటు వంగితే అటు చిరచిరలాడేట్లు చేసి నిలకడ నేర్పింది. నాలుకతో నిలబడడమన్నది వినడానికి విడ్డూరంగానే ఉంటుంది!

మనకు నాలుక యంత్రం అక్కరలేదు. వ్రేలు చాలు. 1994లో అమెరికాలో బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో జేకా, లాక్‌నర్ అనే ఇద్దరు పరిశోధకులు, నిలబడినవాడు చూపుడువ్రేలి కొనను ఒక స్థిరమైన వస్తువుకు తాకించి ఉంచితే శరీరం ఊగడం గణనీయంగా తగ్గుతుందని కొలిచి చూపారు. ఆ తాకిడి 100 గ్రాముల బరువుకు మించదు. అంత కొద్ది ఒత్తిడి ఎవరినీ మోయలేదు. కనుక ఆ వ్రేలు చేసేది మోయడం కాదు, వార్త చెప్పడం. నేను గోడ ప్రక్కన నడిచేటపుడు మొదట్లో అరచేతితో గోడను నెట్టేవాణ్ణి. "స్వామీ, గోడ మీద వాలవద్దు, తాకండి చాలు" అని ఆమె ఎన్నిసార్లు అన్నదో! వాలితే బరువంతా గోడ ప్రక్కకే పోతుంది, ఎడమ కాలు సోమరి అవుతుంది. తాకితే రెండు కాళ్లూ పని చేస్తాయి.

మా ఆళ్లగడ్డ శిల్పులను గూర్చి మీకు చెప్పనక్కరలేదు. ఎన్ని ఊళ్ల ఆలయాలకు అక్కడి విగ్రహాలు వెళ్లినవో! వారు రాతిని నిలబెట్టినపుడు కంటి అంచనాను నమ్మరు. దారానికి గుండు కట్టి వ్రేలాడదీసి చూస్తారు. శిల్పశాస్త్రంలో బరువు రెండు పాదాల మీద సమంగా ఉన్న నిలుపును సమభంగమని, ఒక కాలి మీదకు ఒరిగిన నిలుపును ఆభంగమని అంటారు. నేను తెలియకుండా ఆభంగంలో నిలబడి సమభంగమనుకొంటున్నవాణ్ణి. పక్షవాతం వచ్చిన కొందరికి ఈ భ్రమ మఱీ తీవ్రంగా ఉంటుంది. జర్మనీలో కార్నాత్ అనే వైద్యుడు 2000లో వెల్లడించిన పరిశీలనలో అటువంటి రోగులు సుమారు 18 డిగ్రీలు ఒక ప్రక్కకు వంగినపుడు తాము నిటారుగా ఉన్నామని భావించారు. విచిత్రమేమంటే వారి కన్ను చూచే నిలువు మాత్రం చెడలేదు. అందుచేత వారికి ద్వారబంధమో, స్తంభమో చూపించి, "దానికి సరిగా ఉన్నారా చూచుకోండి" అని నేర్పుతారు. ఆలయంలో ధ్వజస్తంభం కంటె మంచి నిలువు రేఖ ఎక్కడ దొరుకుతుంది? నమస్కరించిన తరువాత ఒక్క క్షణం దానిని తేరిపార చూచి, భుజాలు సరిచేసుకొని అడుగు వేయడం నాకు అలవాటైంది.

చెవి సంగతి కూడా చెప్పవలె. 1997లో అమెరికాలో థాట్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు పక్షవాతం వచ్చినవారిని సమమైన తాళానికి అనుగుణంగా నడిపించి, నడక వేగమూ, అడుగుల సమత్వమూ మెరుగుపడినట్లు చూపారు. మా మనుమడు చిడతలు వాయిస్తుంటే నేను వసారాలో నడిచేవాణ్ణి. వాడు ఉత్సాహం వచ్చి వేగం పెంచేవాడు, నేను వాణ్ణి కసరుకొనేవాణ్ణి. తాళం మేలు చేసింది కదా అని నడుస్తూ విష్ణుసహస్రనామం మొదలుపెట్టగా ఆ అమ్మాయి వద్దన్నది. నాకు నచ్చలేదు. కారణం విన్న తరువాత ఒప్పుకొన్నాను. తాళం బయటి నుంచి వచ్చేది, దానికి శ్రమ లేదు. పారాయణలో తరువాతి నామాన్ని తలచుకొనే పని మెదడుదే. నడకను క్రొత్తగా నేర్చుకొంటున్న మెదడుకు రెండు పనులు ఒక్కసారి బరువవుతాయి. స్వీడన్ దేశంలో వృద్ధులను పరిశీలించి 1997లోనే చెప్పారు, నడుస్తూ మాట్లాడవలసి వస్తే ఆగిపోయేవారు తరువాతి నెలలలో పడిపోయే అవకాశం ఎక్కువని. కనుక ప్రదక్షిణంలో మీ తండ్రిగారి ప్రక్కన నడుస్తూ కబుర్లు చెప్పకండి. లెక్క మీరు పెట్టుకోండి, వారిని నడువనివ్వండి.

ఇక ఈ సహాయాలన్నిటినీ ఎంతకాలం వాడవలె? ఇక్కడ మా చదువు నాకు ఉపకరించింది. పాణినీయ శిక్షలో అధమ పాఠకుల జాబితా ఒకటున్నది. వ్రాతప్రతి చూచి చదివేవాడు అందులో ఉన్నాడు. తల ఊపుతూ చదివేవాడు కూడా ఉన్నాడు, నిలకడ విషయంలో అతడికీ చిక్కే అనుకోండి. పిల్లవానికి మొదట గురువు ప్రతి అక్షరం అందిస్తాడు, తరువాత తప్పినచోట మాత్రమే అందిస్తాడు, ఆపైన మౌనంగా వింటాడు. ముల్లు చూచి నిలబడడం కూడా ఇంతే. రెండవ వారంలో ఆమె ముల్లులపై గుడ్డ కప్పి, "ఇప్పుడు ఏ కాలి మీద ఎంత ఉందో చెప్పండి" అని నాచేత ముందు చెప్పించి, ఆ తరువాత గుడ్డ తీసేది. చెప్పినదానికీ చూచినదానికీ తేడా 10 కిలోల నుంచి 3 కిలోలకు తగ్గడానికి రెండు నెలలు పట్టింది. పతంజలి అభ్యాసవైరాగ్యాలను జంటగా ఎందుకు చెప్పాడో ఆ గుడ్డ వద్ద నాకు మఱొకమారు బోధపడింది.

ఇందులో ఒక పరిమితి ఉన్నది, దాచరాదు. పాదాల బరువును తెరపై చూపే పెద్ద యంత్రాలతో జరిగిన పరీక్షలను 2004లో ఒక అంతర్జాతీయ సమీక్ష క్రోడీకరించింది. రెండు కాళ్లపై బరువు సమం కావడం మెరుగైంది. కాని కేవలం దానివల్ల మొత్తం నిలకడ గానీ, స్వతంత్రంగా పనులు చేసుకోవడం గానీ మెరుగైనట్లు తేలలేదు. నిలబడడం నేర్చినవాడు నిలబడడమే నేర్చినాడు. నడక నడిచి నేర్చుకోవలె, మెట్లు మెట్ల మీదనే నేర్చుకోవలె. ఇంటివారి శ్రద్ధ ఒక్కటే చాలునని కూడా అనుకోరాదు. మన దేశంలో 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులతో జరిగి 2017లో వెలువడిన పరిశీలనలో, ఇంటివారికి చికిత్స నేర్పి పంపినంత మాత్రాన అదనపు ప్రయోజనం కనబడలేదు. శిక్షణ పొందిన కన్ను మధ్య మధ్య చూస్తూ ఉండవలె. నేను చెప్పిన రెండు మిషన్ల సాధన కూడా ఎవరూ ప్రక్కన లేకుండా చేయకండి. మిషన్ పీట అంచు మీద నుంచి పాదం జారితే తుంటి ఎముక విరుగుతుంది.

యాత్రికులకు మఱికొన్ని మాటలు. స్పర్శ తగ్గిన పాదానికి వేడి కూడా తెలియదు. చైత్ర వైశాఖాలలో మధ్యాహ్నం మన ప్రాంతపు రాతి నేల ఎలా కాలుతుందో మీకు తెలుసు. బాగున్న కాలు ఎగిరిపడుతుంది, ఎఱుక లేని కాలు బొబ్బలెక్కేదాకా ఊరుకుంటుంది. అటువంటివారు ఉదయమే రావలె, ఇంటికి వెళ్లి అరికాళ్లను కంటితో పరీక్షించుకోవలె. మహానంది కోనేటి నీరు అడుగున రూపాయి కనబడేంత నిర్మలం, దిగాలనే అనిపిస్తుంది. కాని తడి మెట్లపై ఒక మనిషి పట్టు లేనిదే దిగరాదు. ఆత్మప్రదక్షిణం వద్దు, తల గిరగిర తిరిగితే చెవిలోని తూకం కూడా కలత పడుతుంది. ఎగువ అహోబిలం మెట్లు ఎక్కేటపుడు బలమైన కాలు ముందు, దిగేటపుడు బలహీనమైన కాలు ముందు. ఉగ్రస్తంభం, జ్వాలానరసింహుని దారి అందరికీ కాదు. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుని సేవించినా ఆయనే, పైన గుహలో ఉన్నా ఆయనే.

దాతలలో ఒకరు ఈ ప్రసంగం సంగతి తెలిసి, "అయ్యవారూ, ఆ తెర ఉన్న యంత్రం ఒకటి కొని ఇవ్వమంటారా?" అని అడిగారు. వారి ఔదార్యానికి కృతజ్ఞుణ్ణి. నేను యంత్రం అడగను. మన ప్రదక్షిణ మార్గంలో చేతికి అందే ఎత్తున కమ్మీ వేయించమని అడుగుతాను. అది రెండు వైపులా ఉండవలె. ఎందుకంటే ప్రదక్షిణంలో గర్భాలయం ఎప్పుడూ మనకు కుడి ప్రక్కనే ఉంటుంది. నావలె ఎడమ ప్రక్క పడిపోయినవాడికి కుడిచేయి లోపలి వైపున ఉంటుంది. కుడి ప్రక్క పడిపోయినవాడికి పనిచేసే ఎడమచేయి బయటి వైపున గాలిలో ఉంటుంది. గర్భాలయ గోడను తాకడం అన్నిచోట్లా ఆగమ సమ్మతం కాదు కనుక లోపలి కమ్మీ కూడా గోడకు ఎడంగా ఉండవలె. కమ్మీ నున్నగా, ఎండకు కాలని చోట ఉంటే వ్రేలు తాకించి నడువవచ్చు. మలుపుల వద్ద తెంపు రాకూడదు, పడేది మలుపులలోనే. దానితో పాటు నెలకు రెండు శనివారాలు ఒక శిక్షణ పొందిన చికిత్సకురాలిని మన వసతిగృహంలో కూర్చోబెట్టి, ఆమెకు తగిన పారితోషికం ఇచ్చే ఏర్పాటు చేయగలిగితే, ఆ రెండు బరువు మిషన్లు నేను తెచ్చి ఇస్తాను. మా ఇంట్లో ఇప్పుడు అవి గుడ్డ కప్పి ఊరికే ఉన్నవి.